చలికాలపు విద్యుత్తు

ఉత్తరార్ధగోళంలో శీతాకాలం ముదిరేసరికి ప్రపంచపు నేలలో దాదాపు మూడో వంతు మంచు కప్పుకుని ఉంటుంది. ఆ ప్రాంతాల్లో చాలాచోట్ల ఏడాది మొత్తంలో కరెంటు అన్నిటికంటే ఎక్కువగా కావలసింది అప్పుడే. పొద్దు కుంచించుకుపోయేదీ, కొండనదులు బక్కచిక్కేదీ కూడా అప్పుడే. ఆ కొరతను చలికాలమే ఇచ్చే వనరులతో తీర్చుకోగలమా అన్న ప్రశ్నకు శాస్త్రజ్ఞులు, ఇంజనీర్లు చాలాకాలంగా జవాబు వెతుకుతున్నారు. చలిగాలుల వేగం, మంచు మీద పడి తిరిగి లేచే వెలుగు, కొండల మీద గడ్డకట్టి వసంతం దాకా ఆగే నీరు, ఆఖరికి చలి కూడా విద్యుత్తుకు ఆధారం కాగలవు. వీటిలో కొన్ని ఇప్పటికే వేల మెగావాట్ల స్థాయిలో నడుస్తున్నాయి. కొన్ని ప్రయోగశాల బల్ల దాటలేదు. పత్రికల్లో ఎక్కువగా కనబడేవి ఈ రెండో రకానివే. కాబట్టి అన్నిటినీ ఒకే గాటన కట్టకుండా, దేనికెంత బలముందో విడివిడిగా తూచి చూడాలి.

చలి నుంచి నేరుగా

చలి తనంతట తాను శక్తి కాదు. వేడి ఉన్నచోటి నుంచి చల్లని చోటికి పారుతున్నప్పుడు మధ్యలో యంత్రం పెట్టి కొంత పని రాబట్టుకోగలం. ఎంత రాబట్టగలమన్నది రెండు చోట్ల ఉష్ణోగ్రతల మీద ఆధారపడి ఉంటుందని 1824లో ఫ్రెంచి ఇంజనీరు సాదీ కార్నో తేల్చాడు. చలికాలపు విద్యుత్తు గురించి ఎవరు ఏ కొత్త ఆలోచన చెప్పినా మొదట ఈ సూత్రంతోనే కొలవాలి. బొగ్గు కేంద్రంలో ఆవిరి 500 డిగ్రీల సెల్సియస్ దాటి ఉంటుంది కాబట్టి అక్కడ తేడా పెద్దది, దక్కేదీ ఎక్కువ. ఒకవైపు 20 డిగ్రీల గాలి, మరోవైపు సున్నా డిగ్రీల మంచు ఉంటే, పారే వేడిలో నూటికి 7 పాళ్లకు మించి ఏ యంత్రమూ పనిగా మార్చలేదు.

దీన్నే మన కరెంటు మీటరు భాషలో చూద్దాం. ఒక టన్ను మంచు కరగాలంటే 334 మెగాజౌళ్ల వేడి కావాలి, అంటే సుమారు 93 యూనిట్లు. ఆ వేడిని 20 డిగ్రీల గాలి నుంచి తీసుకుని మంచుకు చేరుస్తూ దారిలో టర్బైన్ తిప్పితే, ఏ లోపమూ లేని ఊహా యంత్రానికి కూడా 7 యూనిట్ల లోపే వస్తుంది. నిజమైన యంత్రానికి అందులో సగం దక్కినా మేలే. అదే టన్ను మంచును వేసవి దాకా దాచి ఒక భవనాన్ని చల్లబరిస్తే లెక్క పూర్తిగా మారిపోతుంది. ఏసీ యంత్రం ఒక యూనిట్ కరెంటుతో సుమారు మూడు యూనిట్ల వేడిని బయటికి తోడుతుంది. 93 యూనిట్ల చల్లదనం మంచు నుంచే వస్తే 30 యూనిట్ల కరెంటు ఆదా అవుతుంది. కరెంటుగా మార్చితే మూడు, చల్లదనంగా వాడితే ముప్పై. ఈ ఒక్క పోలిక చాలా ప్రణాళికల బలాన్ని, బలహీనతను బయటపెడుతుంది.

ఈ సంగతి బాగా గ్రహించినవాళ్లు మంచును చల్లదనానికే వాడుతున్నారు. స్వీడన్‌లోని సుండ్స్‌వాల్ నగర ఆసుపత్రికి 2000 నుంచి వేసవి చల్లదనం మంచు నిల్వ నుంచే అందుతోంది. వీధుల్లో తవ్వితీసిన మంచును ఒక పెద్ద గుంటలో పోసి, పైన చెక్కపొట్టు మందంగా కప్పుతారు. కరిగిన నీటిని ఆసుపత్రి గొట్టాల్లోకి పంపి, వేడెక్కాక మళ్లీ మంచు మీదికే వదులుతారు. జపాన్‌లోని హొక్కైడో దీవిలో న్యూ చిటోసే విమానాశ్రయం రన్‌వేల మీద తీసిన మంచును గుట్టపోసి వేసవిలో వాడుకుంటోంది. అదే దీవిలోని బిబాయ్ పట్టణంలో ఒక డేటా సెంటర్ కంప్యూటర్లను మంచుతో చల్లబరుస్తున్నారు. ఇవేవీ ఒక్క యూనిట్ కూడా పుట్టించవు. అయినా గ్రిడ్ మీద వీటి ప్రభావం విద్యుత్ కేంద్రం ప్రభావంతో సమానమే కాబట్టి ఈ వ్యాసంలో వీటికి చోటు ఉండాల్సిందే.

నేరుగా విద్యుత్తే తీయాలని జపాన్‌లోని ఆవోమోరి నగరంలో 2022 డిసెంబరులో ఒక ప్రయోగం మొదలైంది. ప్రపంచంలో అతి ఎక్కువగా మంచు కురిసే నగరాల్లో ఆవోమోరి ఒకటి. వీధులు శుభ్రం చేయడానికే నగరపాలక సంస్థ ఏటా వందల కోట్ల యెన్‌లు ఖర్చు పెడుతుంది, తీసిన మంచులో చాలా భాగం సముద్రంలో కలుస్తుంది. ఫోర్టే అనే అంకుర సంస్థ, టోక్యోలోని ఎలక్ట్రో-కమ్యూనికేషన్స్ విశ్వవిద్యాలయం కలిసి, మూతబడిన ఒక పాఠశాల ఈతకొలనులో ఆ మంచును నింపాయి. మంచు చల్లదనానికీ బయటి గాలి వెచ్చదనానికీ మధ్య ద్రవం తిరిగేలా గొట్టాలు అమర్చి, ఆ కదలికతో టర్బైన్ తిప్పాలన్నది పథకం. వేడి ఊటలున్న చోట రెండో వైపు ఉష్ణోగ్రత పెరుగుతుంది కాబట్టి అక్కడ ఫలితం మెరుగ్గా ఉంటుంది. ఎలాగూ తవ్వి, లారీలకెత్తి, పారబోయక తప్పని మంచు ఇది. ఇంధనం ఖర్చు ముందే కట్టేసినట్టు. ఈ పథకంలో నాకు కనిపించే అసలు బలం అదే. మంచును కొనుక్కోవాల్సినచోట, దూరం నుంచి మోసుకురావాల్సినచోట ఇది గిట్టుబాటు కాదు.

ఇంతకన్నా సాహసమైన ఊహ 1920ల చివర్లోనే వచ్చింది. ధ్రువప్రాంతాల్లో గడ్డకట్టిన పొర కింద సముద్రపు నీరు సున్నా దరిదాపుల్లో ఉంటే, పైన గాలి మైనస్ 20, మైనస్ 30 డిగ్రీలుంటుంది. అక్కడ వేడి వైపు నీళ్లే. ఆ నీటి తాకిడికే మరిగే బ్యూటేన్ వంటి ద్రవంతో టర్బైన్ నడపవచ్చని బార్జో అనే ఫ్రెంచి ఇంజనీరు ప్రతిపాదించాడు. ఊహ శాస్త్రబద్ధమైనదే. కానీ అంత కరెంటు వాడుకునే జనం ఆ మంచు ఎడారిలో లేరు.

చలి సాయం నిజంగా అక్కరకొచ్చే చోటు మరొకటుంది. అలాస్కాలోని చేనా వేడి ఊటల దగ్గర 2006 నుంచి ఒక చిన్న భూతాప కేంద్రం నడుస్తోంది. అక్కడి నీటి వేడి 74 డిగ్రీలే. అంత తక్కువ వేడితో కేంద్రం నడుస్తోందంటే రెండో వైపు అలాస్కా చలి ఉండబట్టే. వేడి ఒకచోట నుంచి, చలి మరొకచోట నుంచి దొరికితే ఈ రకం యంత్రాలకు గట్టి పునాది ఏర్పడుతుంది.

రాలే మంచు, రాత్రి ఆకాశం

2019లో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు రిచర్డ్ కేనర్, మాహెర్ ఎల్-కాడీ బృందం రాలే మంచు నుంచి విద్యుత్తు పుట్టించే పరికరాన్ని ప్రకటించింది. మంచు రేణువులు ఎలక్ట్రాన్లను తేలికగా వదులుకుంటాయి, సిలికోన్ వాటిని తేలికగా అందుకుంటుంది. ఒకదానికొకటి తాకి విడిపోతే ఆవేశం మిగులుతుంది. పొడి వాతావరణంలో స్వెట్టర్ విప్పేటప్పుడు చిటపటలాడే స్థిర విద్యుత్తే ఇదీ. పలుచని సిలికోన్ పొర కింద ఎలక్ట్రోడు పెట్టి ఈ పరికరాన్ని త్రీడీ ముద్రణతో తయారుచేశారు.

ప్రపంచమంతా ఈ వార్త పాకింది. చదరపు మీటరుకు అందే శక్తి మాత్రం 0.2 మిల్లీవాట్లు. మన ఇళ్లలో వాడే 9 వాట్ల ఎల్ఈడీ బల్బు ఒక్కటి వెలగాలంటే 45,000 చదరపు మీటర్లు, అంటే 11 ఎకరాల సిలికోన్ పరిచి, దాని మీద మంచు ఆగకుండా కురుస్తూ ఉండాలి. అందుచేత దీన్ని విద్యుత్ కేంద్రంగా చూడకూడదు, తనకు కావలసిన కరెంటు తానే పుట్టించుకునే చిన్న కొలతపరికరంగా చూడాలి. మంచు ఎంత వేగంగా, ఏ దిక్కు నుంచి, ఎంత మందంగా కురుస్తోందో బ్యాటరీ లేకుండా చెప్పగలగడం, మంచు మీద పరుగెత్తే క్రీడాకారుల బూట్లకు అతికించి వారి కదలికల తేడాలు పట్టడం దాని అసలు ఉపయోగాలు. ఆ బృందం కూడా ఈ ఉపయోగాలను చెప్పింది. సౌర ఫలకాల మీద దీన్ని పరిస్తే మంచు కప్పినప్పుడు కూడా కొంత కరెంటు వస్తుందన్న ఆలోచనను చాలామంది ఎత్తుకున్నారు గానీ, ఆగిపోకముందు ఫలకం ఇచ్చేదానితో పోలిస్తే ఆ కొంత లెక్కలోకి రాదు.

అదే ఏడాది ఆశ్వత్ రామన్, వెయ్ లీ, షాన్‌హుయ్ ఫాన్ అనే శాస్త్రజ్ఞులు మరో దారి చూపించారు. మబ్బులేని రాత్రి ఆకాశం వైపు తిరిగిన పళ్లెం తన వేడిని పరారుణ కిరణాలుగా అంతరిక్షంలోకి వదిలేసి, చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. ఆ పళ్లేనికీ గాలికీ మధ్య తేడాను, 1821లో థామస్ సీబెక్ కనుగొన్న ప్రభావంతో పనిచేసే ఉష్ణవిద్యుత్ బిళ్ల ద్వారా కరెంటుగా మార్చి ఒక ఎల్ఈడీ వెలిగించారు. చదరపు మీటరుకు 25 మిల్లీవాట్లు వచ్చాయి. ఇదీ చిన్నదే, కానీ మంచు రాపిడికన్నా వంద రెట్లు పైనే. తేమ తక్కువగా ఉండే చలిరాత్రులు దీనికి అనువైనవి.

దీని వెనుక ఉన్న భౌతికశాస్త్రం మన దేశానికి కొత్త కాదు. అలహాబాదు, కలకత్తా ప్రాంతాల్లో చలికాలపు రాత్రులు నేలలో గుంటలు తవ్వి, ఎండు చొప్ప పరిచి, మూతలేని మట్టి మూకుళ్లలో నీళ్లు పోసి ఆరుబయట వదిలేవారు. గాలి ఉష్ణోగ్రత గడ్డకట్టే స్థాయికి దిగకపోయినా తెల్లారేసరికి మూకుళ్లలో మంచు పొర తేలేది. ఈ పద్ధతిని రాబర్ట్ బార్కర్ అనే ఆంగ్లేయుడు 1775లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వర్ణించాడు. మంచు ఎలా వస్తోందో ఆ పనివాళ్లకు అనుభవంతో తెలుసు. ఆకాశం నిర్మలంగా, గాలి నిలకడగా ఉన్న రాత్రే పని సాగుతుందని వారు నేర్చుకున్నది ఈనాటి ప్రయోగాలకూ వర్తిస్తుంది.

చలిగాలి బలం

చలికాలం ఇచ్చే విద్యుత్తులో పెద్ద వాటా గాలిదే. శీతాకాలంలో ధ్రువానికీ భూమధ్యరేఖకూ మధ్య ఉష్ణోగ్రత తేడా పెరుగుతుంది. ఆ తేడాయే మధ్య అక్షాంశాల్లో పడమటి గాలులకు, అట్లాంటిక్ తుపానులకు బలం. ఉత్తర ఐరోపా గాలిమరలు వేసవికన్నా చలికాలంలోనే ఎక్కువ ఉత్పత్తి ఇస్తాయి. గాలి వేగం పదోవంతు పెరిగితే అందులోని శక్తి మూడో వంతు పెరుగుతుంది, ఎందుకంటే శక్తి వేగానికి ఘనంగా పెరుగుతుంది. దీనికి తోడు చల్లని గాలి బరువైనది. మైనస్ 20 డిగ్రీల వద్ద ఘనమీటరు గాలి 1.4 కిలోలకు కొంచెం తక్కువ తూగితే, 30 డిగ్రీల వద్ద 1.16 కిలోలే తూగుతుంది. ఒకే వేగంతో వీచినా చలిగాలి రెక్కల మీద 20 శాతం ఎక్కువ బలం చూపుతుంది.

ఈ బలాన్ని అందుకోవడం సులువేమీ కాదు. తేమతో నిండిన గాలి సున్నాకు దిగువన రెక్కలను తాకితే మంచు పేరుకుంటుంది. రెక్క అంచు గరుకెక్కి, దాని ఆకారం మారి, ఉత్పత్తి పడిపోతుంది. ముక్కలు విడిపోయి దూరంగా ఎగిరిపడే ప్రమాదమూ ఉంది. కందెన చిక్కబడుతుంది, ఉక్కు పెళుసవుతుంది. అందుకని చలిదేశాలకు పంపే గాలిమరల్లో రెక్కల లోపల వేడిగాలి తిప్పడమో, అంచుల్లో విద్యుత్ తాపక పొరలు అమర్చడమో చేస్తారు. గేర్‌పెట్టెకు, నూనెకు హీటర్లు ఉంటాయి. కెనడా వాయవ్య భూభాగాల్లోని డయావిక్ వజ్రాల గనిలో 2012లో నెలకొల్పిన నాలుగు గాలిమరలు, మొత్తం 9.2 మెగావాట్లు, మైనస్ 40 డిగ్రీల దాకా పనిచేసేలా తయారయ్యాయి. ఆ గనికి ఏడాదికి కావలసిన డీజిల్‌ను గడ్డకట్టిన సరస్సుల మీది రోడ్డు మీదుగా, కొద్ది వారాల్లోనే లారీలతో చేర్చాలి. అక్కడ ఆదా అయిన ప్రతి లీటరుకూ విలువ ఎక్కువ. అంటార్కిటికాలో ఆస్ట్రేలియా వారి మాసన్ స్థావరం 2003లోనే గాలిమరలు నిలిపింది. రాస్ ద్వీపంలో న్యూజిలాండ్, అమెరికా స్థావరాలు మూడు గాలిమరల కరెంటును పంచుకున్నాయి.

చలికి సిద్ధం కాని యంత్రాలు ఏమవుతాయో 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సాస్ చూసింది. మంచు తుపానుకు గాలిమరలు కొన్ని ఆగిపోయాయి. వాటి చిత్రాలే ఎక్కువగా ప్రచారమై, తప్పంతా పవన విద్యుత్తుదే అన్న మాట ఊరూరా తిరిగింది. తర్వాత అమెరికా విద్యుత్ నియంత్రణ సంస్థలు జరిపిన విచారణలో తేలింది వేరు. ఆగిపోయిన యంత్రాల్లో సగానికి పైగా సహజవాయువుతో నడిచేవే. బావుల దగ్గర, గొట్టాల్లో, కొలతపరికరాల్లో నీరు గడ్డకట్టడంతో వాయువే అందలేదు. గ్రిడ్ కుప్పకూలకుండా 20,000 మెగావాట్ల మేర సరఫరా కోసేయాల్సి వచ్చింది, రెండు వందలకు పైగా ప్రాణాలు పోయాయి. అదే నెలలో మరింత చలిలో కెనడా, స్వీడన్ గాలిమరలు తిరిగాయి. ఖర్చు కాస్త ఎక్కువైనా ముందు అమర్చాల్సింది అమర్చుకోవడమే ఆ తేడాకు కారణం.

మంచు మీది వెలుగు

సౌర ఫలకానికి కావలసింది వెలుగు. వేడి దానికి శత్రువు. సాధారణ సిలికాన్ ఫలకం ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ సామర్థ్యంలో 0.3 నుంచి 0.4 శాతం కోల్పోతుంది. మే నెల మధ్యాహ్నం రాయలసీమలో 65 డిగ్రీలకు వేడెక్కిన ఫలకం, అదే వెలుగులో 5 డిగ్రీల వద్ద ఉన్న ఫలకంకన్నా సుమారు ఐదో వంతు తక్కువ ఇస్తుంది. దీనికి తోడు కొత్తగా కురిసిన మంచు తన మీద పడిన వెలుగులో 80 నుంచి 90 శాతాన్ని తిరిగి పంపుతుంది. రెండువైపులా పనిచేసే ఫలకాలను నిటారుగా నిలబెడితే ముందు నుంచి సూర్యుడు, వెనుక నుంచి మంచు వెలుగు అందిస్తాయి. నిటారుగా ఉంటే వాటి మీద మంచు కూడా నిలవదు.

దీన్ని పెద్ద ఎత్తున చేసి చూపినది స్విట్జర్లాండ్. గ్లారస్ రాష్ట్రంలో 2,500 మీటర్ల ఎత్తున ఉన్న ముట్‌సే ఆనకట్ట గోడకే ఆక్స్‌పో సంస్థ దాదాపు 5,000 ఫలకాలు బిగించింది. మొత్తం సామర్థ్యం 2.2 మెగావాట్లు. పల్లపు నగరాలు నెలల తరబడి పొగమంచులో మునిగి ఉంటే ఈ గోడ ఆ పొగమంచుకు పైన ఎండలో ఉంటుంది. ఏటా వచ్చే విద్యుత్తులో దాదాపు సగం చలికాలపు అర్ధసంవత్సరంలోనే అందుతుంది. పల్లంలోని ఇంటికప్పు ఫలకాలకు ఇది అసాధ్యం. రష్యా వాయువు ఆగిపోయిన 2022లో స్విస్ పార్లమెంటు అధిక ఎత్తులోని పెద్ద సౌర కేంద్రాలకు పెట్టుబడిలో 60 శాతం దాకా సాయమిచ్చే చట్టం చేసింది. చలికాలంలో ఎంత ఉత్పత్తి ఇస్తాయన్నది అందులో ఒక షరతు. ఐతే ఆల్ప్స్ పర్వతాల మీద ఫలకాల వరుసలు రావడం అందరికీ ఇష్టం లేదు. 2023 సెప్టెంబరులో వాలే రాష్ట్రంలో ఆ అనుమతులను సులభం చేసే ప్రతిపాదనను ఓటర్లు తిరస్కరించారు. కొండల అందానికి విలువ కట్టడం తేలిక కాదు, వారి అభ్యంతరాన్ని కొట్టిపారేయడమూ తగదు.

మన దేశంలో దీనికి దీటైన చోటు లడఖ్. మబ్బులు తక్కువ, గాలి పలుచన, చలి విపరీతం. పాంగ్ వద్ద 9,000 మెగావాట్ల సౌర, 4,000 మెగావాట్ల పవన విద్యుత్తుతో పాటు భారీ బ్యాటరీ నిల్వ నెలకొల్పి, హరియాణాలోని కైథల్ దాకా 713 కిలోమీటర్ల లైను వేసే పథకానికి 2023 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. సముద్ర మట్టానికి 4,600 మీటర్ల ఎత్తులో ఇనుము, కాంక్రీటు పని చేసే నెలలు కొన్నే. ఆ మైదానాలు చాంగ్పా పశుపోషకులు పష్మీనా మేకలను మేపే నేలలు కూడా. ఎంత భూమి, ఎక్కడ తీసుకోవాలన్నది వారితో కూర్చుని తేల్చాల్సిన విషయం.

మంచులో దాగిన నీరు

మంచు నుంచి వచ్చే అతి పాత, అతి పెద్ద విద్యుత్తు జలవిద్యుత్తే. కొండల మీద నవంబరులో పడిన మంచు మే, జూన్ నెలల్లో కరిగి జలాశయాల్లోకి దిగుతుంది. నార్వే ఈ పద్ధతితోనే తన విద్యుత్తులో నూటికి 90 పాళ్ల వరకు పొందుతోంది. ఐరోపాలోని జలాశయ నిల్వల్లో దాదాపు సగం ఆ చిన్న దేశానివే. అందుకే అక్కడి సంస్థలు కొండ మీద మంచు ఎంత మందంగా ఉందో, అందులో ఎంత నీరుందో నిరంతరం కొలుస్తాయి. వేసవిలో నిండిన నీటిని దాచి చలికాలంలో వదిలేంత నిల్వ ఉంది కాబట్టి వారికి చలి భయం తక్కువ.

నిల్వ లేనిచోట కథ తారుమారవుతుంది. జమ్మూ కశ్మీరులో ఝీలం, చీనాబ్ నదుల మీది ఉరి, సలాల్, బగ్లిహార్ వంటి కేంద్రాలు ఎక్కువగా పారే నీటి మీదే నడుస్తాయి. డిసెంబరులో ఎగువన నీరు గడ్డకట్టి ప్రవాహం పడిపోతుంది, అదే సమయంలో హీటర్లతో వాడకం పెరుగుతుంది. శ్రీనగర్ చలికాలపు కరెంటు కోతలకు ఇదొక ముఖ్య కారణం.

గడ్డకట్టే నీరు యంత్రాల దగ్గర మరో తంటా తెస్తుంది. వేగంగా పారే నీరు బాగా చల్లబడితే దానిలో సన్నని మంచు పలుకులు పుట్టి, నీరు లోపలికి తీసుకునే జల్లెడలను మూసేస్తాయి. కెనడాలో సెయింట్ లారెన్స్ నది మీది బోహార్న్వా కేంద్రంలో దీనికి మంచి ఉపాయం పాటిస్తారు. చలి మొదట్లో ప్రవాహాన్ని తగ్గించి, కాలువ పైన మంచు పొర గట్టిగా ఏర్పడనిస్తారు. ఆ పొరే కింది నీటికి దుప్పటిగా మారి పలుకులు పుట్టకుండా ఆపుతుంది. ఐతే పుట్టిన కరెంటు ఇంటికి చేరాలి కదా. 1998 జనవరిలో క్విబెక్‌లో రోజుల తరబడి కురిసిన గడ్డకట్టే వాన లైన్లపై మంచు పేరుకునేలా చేసి వేయికి పైగా టవర్లను కూల్చేసింది. సుమారు 14 లక్షల కనెక్షన్లు చీకట్లో పడ్డాయి.

గాలి లేని చీకటి రోజులు, ఒకే గ్రిడ్

చలికాలం ఎప్పుడూ గాలితోనే రాదు. అధిక పీడనం తిష్ఠ వేసినప్పుడు గాలి ఆగిపోయి, పొగమంచు కమ్మి, ఫలకాలూ గాలిమరలూ ఒకేసారి మందగిస్తాయి. 2024 డిసెంబరు 12న జర్మనీలో అలాంటి రోజునే మెగావాట్-గంట ధర ఒక గంట పాటు 900 యూరోలు దాటింది. ఇలాంటి రోజులకు పొరుగు దేశాల నీటి నిల్వలు, పొడవైన లైన్లు కావాలి. కొన్ని గంటల బ్యాటరీ వారం రోజుల నిశ్శబ్దానికి సరిపోదు.

ఇక మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో లంబసింగి వంటి ఒకటి రెండు మన్యం చోట్ల పాదరసం సున్నా దరిదాపులకు దిగినా, మంచు నుంచి కరెంటు తీసే ప్రశ్న రాదు. ఇక్కడ గాలి కాలం కూడా వేరు. అనంతపురం, కర్నూలు కొండల మీది గాలిమరలు నైరుతి రుతుపవనాలతో జూన్ నుంచి సెప్టెంబరు దాకా బాగా తిరిగి చలికాలంలో నెమ్మదిస్తాయి. చలికాలం ఇక్కడ ఇచ్చే లాభం చల్లబడిన ఫలకాలు. ఓర్వకల్లు దగ్గర 1,000 మెగావాట్ల కర్నూలు సౌర పార్కులో డిసెంబరు పగలు పదకొండు గంటలకు పైనే ఉంటుంది, ఆకాశం చాలా రోజులు తేటగా ఉంటుంది. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ లైను ద్వారా దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో ఏకమైంది. అప్పటినుంచి ఝీలం తగ్గిన రోజుల్లో రాయలసీమ మధ్యాహ్నపు వెలుగు ఉత్తరాదికి పారే మార్గం ఉంది. శ్రీనగర్‌లో హీటర్లు వేసుకునేది మాత్రం ఎక్కువగా పొద్దు వాలాకే. ఆ వేళకు ఇక్కడి మధ్యాహ్నాన్ని నిల్వ చేసి పంపే ఏర్పాటు ఇంకా పెరగాల్సి ఉంది.